మాటలను చల్లార్చిన దుబాసి

గ్రీష్మాతపదగ్ధసైకతమును మడవృక్షశ్రేణీపరివృతమును క్షారపవనాఘ్రాతమును నగు కోరంగి రేవునందు వైశాఖబహుళపక్షపు టొకానొక ప్రభాతమున ఏటినీరు పాటునకు దిగి సముద్రమువైపు తొలగిపోగా బయల్పడిన రేగడిబురదపై ఎండ్రకాయలు బొరియలు వెడలి తిరుగుచుండెను. ఆ గట్టున కొయ్యమోపులమీద నిలుపబడిన యోడ యొకటి సగము మేనికి పలకలు తొడిగికొని తక్కిన సగమున ప్రక్కటెముకలు బయలుపడ తూర్పుమొగముగా నుండెను. గుగ్గిలము కాగుచున్న పొయ్యినుండి వెడలిన పొగ యోడ కడుపుక్రిందుగా ప్రాకి ఏటిమీదికి పోవుచుండెను. బాడిసెల చప్పుడు మాత్ర మింకను మొదలిడకుండెను.

తాటాకుగొడుగు చంక నిడికొని యా గట్టువెంబడి వచ్చుచున్నవాడు దుబాసి మంత్రిప్రెగడ సోమరాజు. ఒలందావారి, అనగా డచ్చివారి, భాషను తెనుగు చేయుటయు తెనుగును ఒలందాభాషలోనికి మార్చుటయు నతని వృత్తి. యౌవనమున వర్తకుల కొలువున నేర్చిన యా విద్య యతనికి అన్నము పెట్టెను. నిద్రను గూడ కొంత హరించెను. పగలెల్ల ఇతరుల మాటలు పలికి యింటికి పోవువేళకు తనవి యనదగిన మాట లేమియు మిగులమిచేత నతడు భార్యతో సైతము తల యూపియే సంభాషించునని యిరుగుపొరుగువారు నవ్వుకొనుచుండిరి. ఆ నవ్వు నతడెరుగును. దానికి బదులు చెప్పుటయు నొక శ్రమయే యని యూరకుండును.

వేడిమాటను వేడిగా నందింపరాదనునది వృత్తిలో ప్రవేశించిన నాటినుండి యతడు పట్టిన నియమము. ఒకడు కోపముతో పలికినదానిని నోటనుంచుకొని చల్లార్చి రెండవవాని కందించును. రెండవవాడు మనసు గాయపడి పలికినదానిని మడిచి చిన్నది చేసి మొదటివాని కందించును. ఈ రీతిని ననేక కలహములు పుట్టకయే యణగిపోయెనని యతని నమ్మకము. అణగినవి యెచ్చటికి పోయెనో యతడెన్నడును విచారింపలేదు.

ఓడను కట్టించు వర్తకుడు దూరనగరమున నుండి పనికి పెద్దగా హెండ్రికు అను నొలందాదొరను నియమించెను. ఈ దొర తన దేశమున ఓడలు కట్టువారి యింట పుట్టి బాడిసె పట్టి పెరిగినవాడు. తప్పు కనబడినచోటనే నిలిచి చేసినవాని యెదుటను చేయనివారి యెదుటను గూడ దానిని గట్టిగా చెప్పును. చెప్పినంతనే మరచును. ఉదయమున నెవ్వని పనిని పెరికి పారవేయుమనెనో మధ్యాహ్నమున వానికే తన పొగాకుసంచి చాచును. తప్పును చూచియు చెప్పనివాడు తోడివానిని మోసగించినవాడని యతని దేశమున పిల్లలకు నేర్పుదురట. పనివాండ్రు చాటున నతనికి ఉరుముదొర యని పేరిడిరి. పొగాకు మాత్రము పుచ్చుకొనుచుండిరి.

పనివాండ్రకు పెద్ద సంగాడి గవరయ్య మేస్త్రి. తాతలనాటినుండి యోడలు కట్టు వంశమువాడు. కుడిచేతి బొటనవ్రేలి కొన యొకప్పుడు బాడిసెక్రింద పడి పోయినందున నా వ్రేలు చదునుగా నుండును. అతనివారిలో నొక యాచారము కలదు. మోపులమీద నున్న యోడ కడుపుతో నున్న యాడుబిడ్డవంటిదని వారి తలంపు. నీట దిగువరకు దానిచెంత దాని లోపమును నోటితో పలుకరాదు. పలికిన నది విని యా లోపమును మేన నిలుపుకొనునందురు. అందుచే సాయంకాలమున పనివాండ్రు పోయిన పిమ్మట మేస్త్రి యొంటిగా నోడచుట్టు తిరిగి లోపము కనబడినచోట చిన్న మట్టిముద్ద నంటించి దానిపై బొటనవ్రేలు నొక్కి పోవును. చేసినవాడు మరునాడు వచ్చి దానిని చూచి పనిని సరిదిద్ది మట్టిని తన చేతులతోనే గీకి యేటిలో విడుచును. అది యెవని తప్పని యడుగువాడు లేడు. సరియైనదా యని యడుగువాడును లేడు. ముద్దను తీయుటకు వేళయైనదో లేదో చేసినవాడే తెలిసికొనవలెను.

ఏరువాకపున్నమి పోటున నోడను నీట దింపవలెనని నిర్ణయము. ఆ పోటు తప్పెనేని వానలు వచ్చును; వానలలో బురద కరగి మోపులు క్రుంగును; సగము తొడిగిన పలకలు కుళ్లును. అట్లైన నా రేవున పని యెత్తివేయుదునని వర్తకుడు కబురంపియుండెను. గవరయ్య వారికి కోరంగిలో వేరు పని లేదు. దొరకు పోవుటకు వేరు చోటు లేదు. సోమరాజునకు వేరొక విద్య లేదు.

ఆ యుదయమున సోమరాజు చేరునప్పటికే దొర యోడ ముందుభాగమున నిలిచి రెండు పలకలు కలియుచోట చేయి పెట్టి చూచుచుండెను. పనివాండ్రు ఒక్కొక్కరుగా వచ్చి చేరిరి. అందు నూకయ్య యొకడు. వాడు గవరయ్యకు మేనల్లుడు. ఇద్దరు బిడ్డల తండ్రి. ఆ యతుకు వాని చేతిది.

దొర పలికెను. "ఈ యతుకు చేసినవాడెవడు? ఇందులో నా వ్రేలు దూరుచున్నది. వీడు వడ్రంగియా వంటకట్టెలు కొట్టువాడా? గాడిదకు బాడిసె యిచ్చిన నింతకంటె మేలుగా చేయును. ఊడదీసి మరల చేయవలెను."

సోమరాజు గొడుగును చంక మార్చుకొని చెప్పెను. "మేస్త్రీ, దొరవారు ఈ యతుకును మరియొకసారి చూడగోరుచున్నారు."

వెనుకనుండి యెవడో గొణిగెను. "చూడగోరినందులకే యింత యురుమా? ఊడదీయగోరిననాడు పిడుగే పడును కాబోలు."

పనివాండ్రు నవ్విరి. నూకయ్య నవ్వలేదు. గవరయ్య చేతులు కట్టుకొని "చిత్తము" అనెను. పిమ్మట సోమరాజును మోపులవెలుపలికి తీసికొనిపోయి గొంతు తగ్గించి యిట్లనెను.

"పంతులుగారూ, ఆ సంగతి నే నెరుగననుకొంటిరా? మొన్ననే మట్టి పెట్టితిని. నిన్నను పెట్టితిని. తెల్లవారునప్పటికి నది యుండుట లేదు. ముద్ద కనబడదు గనుక మావాడు పని కుదిరినదనుకొనుచున్నాడు."

"ఏమి మట్టి?" అని సోమరాజు అడిగెను.

గవరయ్య యాచారమంతయు చెప్పెను. ఏటివైపు చూచుచు తాతనుండి విన్నట్లుగా చెప్పెను. వినుచున్న సోమరాజునకు కడిగింపుసంగతి జ్ఞప్తికి వచ్చెను. కొన్నాళ్లక్రిందట దొర పలకలపై మట్టిని చూచి "దుబాసీ, నా యోడ పందులు మేను రాచుకొను గోడయా? ప్రతి యుదయమును కడిగింపుము" అని కేకవేయగా ఓడపని చేయు కలాసులకు ఆ యాజ్ఞ నందించినవాడు తానే. కలాసులు వేరు రేవునుండి వచ్చినవారు. వడ్రంగులు రాకమునుపే వారు కుండలతో నీరు చల్లి పీచుతో తోమిపోవుచుండిరి. ఆ మట్టి పనివాండ్ర చేతుల మురికి యని సోమరాజు సైతము తలంచియుండెను.

"అంతసేపు వాడేమి చెప్పుచున్నాడు?" అని దొర పైనుండి యడిగెను.

సోమరాజు దొరవైపు తిరిగెను. చెప్పవలసినది చిన్నది కాదు. ఓడ వినుననవలెను, దొర నవ్వును. ఆ నవ్వును తెనుగు చేయవలెను. మట్టిని కడుగుమని చెప్పిన నోరు తనదే యని మేస్త్రికి తెలుపవలెను. ఎండ యెక్కుచుండెను. రేపు చెప్పవచ్చునని యతనికి తోచెను.

"సరిచేయింతునని చెప్పుచున్నాడు" అని దొరతో ననెను. "విచారించెదను" అని మేస్త్రితో ననెను. రెండును అబద్ధములు కావు. రెండును నిజములును కావు.

మరునాడు చెప్పలేదు. దానికి బదులుగా కలాసులను చాటుగా పిలిచి మట్టిని ముట్టవలదనెను. తరువాతి యుదయమున దొర మట్టిని చూచి కలాసులపై మండిపడి తానే యెదుట నిలిచి కడిగించెను. ఆనాడు నూకయ్య పెందలకడ వచ్చియుండెను. తన మామ వ్రేలిగురుతు నీళ్లతో గలిసి పలకమీదుగా కారిపోవుటయు దొర చేతులు నడుమున నిడికొని చూచుచుండుటయు వాడు కన్నులార చూచెను. మధ్యాహ్నమునకు ఆ వార్త యందరికి తెలిసెను. పెద్దవాని మాటను ఉద్దేశపూర్వకముగా కడిగివేయుచున్నాడని వారు నిశ్చయించిరి. ఆ సాయంకాలము గవరయ్య ఓడచుట్టు తిరుగలేదు.

మట్టి పెట్టువాడు మానిన పిదప లోపములు హెచ్చెను. దొర కేకలు హెచ్చెను. కేకలవలన ఫలము లేకపోవుటచే నతడు సున్నపుకుండయు కుంచెయు తెప్పించి తప్పు కనబడిన ప్రతిచోటను తన దేశపు పద్ధతిని రెండు గీతలు అడ్డముగను నిలువుగను గీయ నారంభించెను. తెల్లని యా గురుతు ఏటి యావలి గట్టునకు గూడ కనబడును. పనివాండ్రు దానిని చూచి బాడిసెలు దించిరి. ఒలందావారి శ్మశానమున ప్రతి రాతిమీదను వారు చూచిన గురుతు అదియే.

ఏరువాకపున్నమి సమీపించుచున్న యొకనాటి మధ్యాహ్నమున వడ్రంగులందరును తమ పనిముట్లను గోనెలలో కట్టి తాటాకుపందిరి నీడను కూర్చుండిరి. మరునాటి యుదయమున పడవ లెక్కి పోవుటకు నిశ్చయించిరి. సోమరాజు వారికడకు పోయెను.

"మేస్త్రీ, ఇది తగునా? పోటు దగ్గర పడుచున్నది."

"పంతులుగారూ, నీట దిగని బిడ్డకు గోరీగురుతు పెట్టినవాని యెదుట మేము బాడిసె యెత్తము. కేకలు వేసెను, ఓర్చితిమి. నా వ్రేలిగురుతు కడిగించెను, ఓర్చితిని. ఇది యోర్చునది కాదు. వెళ్లి చెప్పుడు."

సోమరాజు వెళ్లి దొరతో చెప్పెను. "పనివాండ్రు అలసియున్నారు. సున్నపుగురుతులు వారి కంటికి బాగుగ లేవు. ఒకనాడు విశ్రాంతి కోరుచున్నారు."

దొర పెట్టెమీద కూర్చుండి చేతులతో మొగము తుడుచుకొనెను. ఆనాడు కేక వేయలేదు. "అలసిరా? నేనును అలసితిని దుబాసీ. నేను చెప్పిన ప్రతిదానికిని తల వంతురు. వంచిన తల యెత్తి యేమియు చేయరు. వారిలో నొక్కడైన నా మొగము చూచి నీవు మూర్ఖుడవనిన వానితో కలిసి నేడే సారాయి త్రాగుదును. ఈ తీరమున నాతో మాటాడువాడొక్కడును లేడు. నీవు మాటాడుచున్నావు, నీతో మాటాడుట దూదిమూటను గ్రుద్దినట్లున్నది."

ఈ మాటలను సోమరాజు మోసికొని పందిరికడకు వచ్చునప్పటికి నవి యిట్లయ్యెను. "మేస్త్రీ, జరిగినదానికి దొరవారు విచారించుచున్నారు. మీరొకసారి వచ్చి కనబడిన సరిపోవును."

"విచారించుచున్నారా?" అని గవరయ్య మరల నడిగెను. సోమరాజు తల యూపెను. మేస్త్రి లేచి పైగుడ్డ దులిపి భుజమున వేసికొని యోడకడకు నడచెను. తక్కినవారు దూరముగా వెంబడించిరి.

ఓడ ముందుభాగమున సున్నపుగురుతు ప్రక్కన దొర నిలిచియుండెను. గవరయ్య చేతులు జోడించెను. "దొరవారు విచారించిరని పంతులుగారు సెలవిచ్చిరి. ఆ మాట చాలును. గురుతులు తుడిపింపుడు, ఇప్పుడే పనిలోనికి వత్తుము."

సోమరాజు దొరవైపు తిరిగెను. "మేస్త్రి నమస్కరించుచున్నాడు. గురుతులు తుడిపించిన పనిలోనికి వత్తుననుచున్నాడు."

"ఏల తుడిపింపవలెను? అతుకు కుదిరినదా?" దొర తల అడ్డముగా త్రిప్పి యరచేతితో పలకను చరచెను. "కుదరలేదు. చూడుమనుము."

గవరయ్య జోడించిన చేతులు విప్పెను. అతనికి ఒలందాభాష యొక్కముక్కయు రాదు. "విచారించువాడు తల అట్లు త్రిప్పడు పంతులుగారూ" అనెను. "ఇప్పుడు దొర యన్న మాట యేది? ఉన్నదున్నట్లు చెప్పుడు."

అదే క్షణమున దొరయు ననెను. "వాడు నా మొగము చూచి యేమో యాశించుచున్నాడు. నీవు వానితో నేమి చెప్పితివి?"

ఇరువురును తనవైపు చూచుచుండ సోమరాజునకు మొదట తోచినది భయము కాదు, కూర్చుండిపోవలెనని తోచెను. ఇన్నేండ్లుగా ఇరువురి నడుమ తా నెత్తుకొని తిరిగిన బరువు తనదికాదని యతడు భావించుచుండెను. అందు సగము తన సృష్టియే యని యప్పుడు తెలిసెను.

"దొర విచారింపలేదు మేస్త్రీ" అనెను. "అది నేను కల్పించిన మాట." పిమ్మట దొరవైపు తిరిగి యా వాక్యమునే యతని భాషలో చెప్పెను.

గవరయ్య కోపింపలేదు. ఓడవైపు చూచి గొంతు తగ్గించి "ఇచ్చట కాదు. గట్టు దాటి ఉప్పుమడి కడకు రమ్మనుడు. చెప్పవలసినది యక్కడ చెప్పుదును, ఇది వినరాదు" అనెను. సోమరాజు దానిని మార్పులేక దొరకు చెప్పెను. ఎవరు వినరాదని దొర యడిగెను. ఓడ యని సోమరాజు చెప్పెను. దొర యతని మొగమును మేస్త్రి మొగమును మార్చిమార్చి చూచి నవ్వక నడచెను.

ఉప్పుమడి గట్టున నీడ లేదు. ఉప్పు గీకుచున్నవారు పని నిలిపి చూచిరి. ముగ్గురు మనుష్యులు ఎండలో నిలిచియుండ నడుమనున్న పంతులు ఒకమారు ఇటు తిరిగి కేకవేయుటయు ఒకమారు అటు తిరిగి కేకవేయుటయు వారికి వింతయయ్యెను. దొర కేకవేసినచోట సోమరాజు కూడ కేకవేసెను. మేస్త్రి గొంతు వణకినచోట నతని గొంతును వణకెను. అతని కదివరకు అట్టి యలవాటు లేనందున త్వరలోనే గొంతు బొంగురువోయెను.

"నీ మేనల్లుడు చేసిన యతుకు చెడ్డది" అని దొర యనెను. "పసివాడు చూచినను చెప్పును. నీవు చూచితివి. చూచియు నాతో చెప్పలేదు. నా దేశమున దీనిని ద్రోహమందురు."

"చెప్పితిని. ప్రతి సాయంకాలము చెప్పితిని. మట్టితో చెప్పితిని. మీరు ప్రతి యుదయమును నా నోటిని నీళ్లతో కడిగించితిరి. నా యింటిలో నాకంటె చిన్నవాడు చూచుచుండ కడిగించితిరి. నేను చచ్చినను ఆ కుర్రవాండ్రు ఇక నా మాట వినరు."

"ఏ మట్టి?"

గవరయ్య తన చదునైన బొటనవ్రేలిని చూపెను. వంగి మడిగట్టునుండి బురద తీసి ముద్ద చేసి తన యరచేతిపై నంటించి వ్రేలు నొక్కెను. సోమరాజు ఆచారమంతయు చెప్పెను. కడుపుతోనున్న యోడనుగూర్చియు చెప్పెను. ఏమియు చిన్నది చేయలేదు.

దొర వంగి ముద్దపై వ్రేలిగురుతును చూచెను. పిదప సోమరాజుతో మెల్లగా ననెను. "దీనిని నీ వెరుగుదువా?"

"ఎరుగుదును."

"ఎప్పటినుండి?"

"ఆ యతుకు మొదట చూచిననాటినుండి."

"ఏల చెప్పలేదు?"

సోమరాజు బదులు చెప్పకమునుపే మేస్త్రి "ఏమి యడిగెను?" అనెను. సోమరాజు తన యపరాధమును తానే తెనుగు చేయవలసివచ్చెను. "మట్టిసంగతి నే నెరుగుదునా యని యడిగిరి. ఎరుగుదునంటిని. కడుగుమని కలాసులకు చెప్పినదియు నేనే. ఎరుగక చెప్పితిని. ఎరిగిన పిదపను ఊరకుంటిని." ఆ దినమున నతని నోట వెడలిన మాటలలో తనవి యనదగినవి యవియే.

గవరయ్య చేతనున్న ముద్దను మడిలో విడిచి చేయి కడుగుకొనెను. దొర టోపీ తీసి చెమట తుడుచుకొనెను.

"ఓడ వినునని నేను నమ్మను" అని దొర తుదకు పలికెను. "అయినను ఓడపై ఈల వేయరాదని మా తల్లి చెప్పెడిది, గాలివాన వచ్చునట. దానిని గూడ నేను నమ్మను. కాని యెన్నడును వేయలేదు."

ఇది విని గవరయ్య తల పంకించెను. "ఈల సంగతి నిజమే. దొర కేమియు తెలియదనుకొంటిని. కొంత తెలియును." సోమరాజు దీనినిగూడ చల్లార్పక యందించెను. దొర మీసముక్రింద నేదో కదలెను.

పిదప బేరము నడచెను. తప్పు కనబడినను దొర ఓడచెంత కేకవేయరాదు. ఉప్పుమడి కడకు వచ్చి యెంతగట్టిగా నైనను వేయవచ్చును. సాయంకాలమున మేస్త్రి మట్టి పెట్టుచుండగా దొర వెంట నడచును; మట్టి యేల పెట్టెనో మేస్త్రి గట్టుమీద నోరు తెరచి చెప్పవలెను, తల వంచి పోరాదు. నూకయ్య యతుకు ఊడదీయబడును. కడుగుట యుండదు.

"అంతదూరము నడచివచ్చుసరికి నా కోపము చల్లారిపోవును" అని దొర గొణిగెను.

"అందులకే" అని గవరయ్య బదులు చెప్పెను.

ఇరువురును కౌగిలించుకొనలేదు, క్షమాపణ యెవ్వరును చెప్పలేదు. దొర తిరిగిపోయి చొక్కాచేతితోనే సున్నపుగురుతులు తుడిచెను. అవి పూర్తిగా పోలేదు. చెరిగి తెల్లని మరకలుగా నిలిచెను. వడ్రంగులు ఆ మరకలను కొంతసేపు చూచి గోనెలు విప్పిరి.

మరునాటి యుదయమున సోమరాజు తన పాకలోనికి వచ్చి గొడుగును మూలనిడి కూర్చుండబోయి నిలిచెను. వ్రాతబల్ల నడుమ రేగడిమట్టిముద్ద యొకటి యంటింపబడియుండెను. అది యింకను పచ్చిగా నుండెను. దానిపై రెండు గురుతులు కలవు. ఒకటి కొనలేని చదునైన వ్రేలిది. రెండవది వెడల్పైనది; క్రొత్తవాడు నొక్కినది గావున మిక్కిలి లోతుగా దిగియుండెను. ఆ యిరువురును తమంత తామే యేకాభిప్రాయమునకు వచ్చిన మొదటి విషయము అదియే. దానికి దుబాసి యవసరము వారికి లేకపోయెను.

సోమరాజు దానిని తుడువలేదు. చెంతనే నీరు కలదు, గుడ్డ కలదు. ఆచారము నెరిగినవాడు గావున చేయి పెట్టలేదు. ముద్ద ప్రక్కనే చేయి మోపి యానాటి పని మొదలిడెను.

అనంతరదినములలో నతని వృత్తి కఠినమయ్యెను. చల్లార్చుటకే యలవడిన నాలుక మాటిమాటికి పాతదారిని పట్టుచుండెను. దొర "ఇది దరిద్రపు పని" అన్నప్పుడు "దొరవారికి" అని యారంభించి నడుమ నాగి మరల మొదలుపెట్టుచుండెను. పనివాండ్రు ఆ యాగుటను కనిపెట్టి "పంతులుగారు మ్రింగబోయి కక్కిరి" అని నవ్వుచుండిరి. కలహములు తగ్గలేదు, చిన్నవై త్వరగా ముగియుచుండెను. ఉప్పుమడివారు దొర రాకను చూచి దారి తొలగుచుండిరి. నూకయ్య తన యతుకును ఊడదీసి మరల చేసి మట్టిని గీకి యేటిలో విడిచెను. బల్లమీది ముద్ద యెండి నెరసి బూడిదవన్నెకు తిరిగెను.

ఏరువాకపున్నమినాడు పోటు వచ్చెను. మోపులు తొలగింపగా ఓడ కొంత తటపటాయించి బురదమీద జారి నీటిని తాకెను. పనివాండ్రు కేక లిడిరి. ఇక వినినను హాని లేదు గనుక గవరయ్య నవ్వుచు దాని తోకవైపు కొంచెము బరువెక్కినదనెను. దొర యతని భుజము చరచి నీవు గ్రుడ్డివాడవనెను. సోమరాజు రెండింటిని ఉన్నవున్నట్లు చెప్పెను. ఇరువురును నవ్విరి.

ప్రొద్దు క్రుంకువేళ సోమరాజు పాకలోనికి పోయి యా ముద్దను బల్లనుండి మెల్లగా నూడదీసి యరచేత నిడికొని యేటియొడ్డునకు వచ్చెను. నీరు పాటునకు దిగ నారంభించుచుండెను. లంగరుతాటికి ఓడ మెల్లగా నూగుచుండెను. దాని ముందుభాగమున సున్నపుమరక యింకను తెల్లగా కనబడుచుండెను. ఆనాటి యుదయమున ఓడను చూడవచ్చిన వర్తకుని మనుష్యునిగూర్చి దొర పలికిన యొక పరుషవాక్యమును తాను మెత్తపరచి చెప్పుట యతనికి జ్ఞప్తికి వచ్చెను. ఎవ్వరును దానిని కనిపెట్టలేదు. అడుగువాడును లేడు.

అతడు ముద్దను నీట విడువలేదు. చీకటి పడకమునుపే పాకలోనికి తిరిగివచ్చి ముద్దయడుగును కొంచెము తడిపి మొదట నున్నచోటనే మరల నంటించి గొడుగు తీసికొని యింటికి నడచెను.